మూడిళ్ళ అల్లం

స్టోరు గోడకి ఆ అట్ట సగం నా చేతిరాతతోనే వేలాడేది. ఎడమవైపు ఒడియాలో, కుడివైపు తెలుగులో ఏడు నియమాలు. ఒడియా వైపు స్టోరు గుమస్తాగారు రాశారు, తెలుగు వైపు నేను. ఆకుకూరల వేళ్ళకి మట్టి ఉండకూడదు, పచ్చడి జాడీకి గుడ్డ కట్టి తేవాలి, ఇలాంటివే అన్నీ. మూడోది మాత్రం ఇప్పటికీ అక్షరాలతో సహా కళ్ళ ముందుంటుంది: "అమ్మేవారు తాము స్వయంగా పండించినది, లేక స్వయంగా తయారు చేసినది మాత్రమే తేవలెను." స్టోరు కార్యదర్శిగారు 'తేవాలి' అనే చెప్పారు. 'తేవలెను' అన్నది నా గొప్ప. పుస్తకాల భాష మీద మోజున్న వయసు అది.

డెబ్బైలలో సంగతి. నాన్న ఒరిస్సాలో సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో టెక్నీషియను. చదువు మధ్యలో ఆగిపోయి క్వార్టర్లో కూర్చున్న నన్ను, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఎవరో చెబితే, కార్యదర్శిగారు స్టోరుకి పిలిచారు. ఆవిడ ఒక ఆఫీసరుగారి భార్య. కాలనీ ఆడవాళ్ళందరినీ కూడగట్టి ఆ సహకార స్టోరు పెట్టింది ఆవిడే. గురువారం గురువారం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూరగాయలు, అల్లం, కందులు తెచ్చేవారు. కాలనీ ఆడవాళ్ళు పచ్చళ్ళు, వడియాలు పెట్టేవారు. రిజిస్టరులో ఎవరు ఏం తెచ్చారో రాయడం నా పని. మాట్లాడక్కర్లేని పని కాబట్టి ఒప్పుకున్నాను.

మాట్లాడక్కర్లేదన్న మాట ఒక్క ఏడాదితో సరి. బజారు వ్యాపారి ఒకడు సంతలో కొండవాళ్ళ దగ్గర బంగాళాదుంపలు కొని, తన పొలంలోవని చెప్పి మా స్టోరులో పెట్టాడట. తెలిసి కార్యదర్శిగారు మండిపడ్డారు. "ఇక నుంచి ప్రతివాళ్ళనీ అడుగు, అమ్మాయ్. ఇది నువ్వు పండించిందేనా అని. ఏం చెబితే అది రాయి. మూడో నియమానికి తప్పినవాళ్ళని ఆపేద్దాం" అన్నారు.

అడగడమంటే నాకు చెమటలు. మొదటి గురువారం ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ "అవును" అన్నారు, బతికాను. నాలుగో మనిషి అల్లం తెచ్చే ఆవిడ.

ఆవిడది రెండు కొండల అవతల ఊరు. తెల్లవారకుండా బయలుదేరి బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ముక్కుకి మూడు పుడకలు, మెడనిండా పూసలు. సంతల్లో నేర్చుకున్న తెలుగు కొంచెం వచ్చు. నన్ను 'నోనీ' అనేది. వాళ్ళ దేశియా భాషలో ఆడపిల్లని అలా పిలుస్తారు. ఏడాదిగా మా ఇద్దరికీ మధ్య పెద్దగా మాటల్లేవు. బుట్ట దించేది, నేను రాసేదాన్ని, ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళం. స్టోరులో నాకు భయం వెయ్యని మనిషి ఆవిడొక్కతే.

"ఇది నువ్వు పండించిందేనా?" అన్నాను, రిజిస్టరు వైపు చూస్తూ.

ఆవిడ బుట్టలోకి వంగింది. లావు కొమ్ములు తీసి ఒకపక్క పెట్టింది. "ఇది నాది." సన్నవి తీసింది. "ఇది మా వదినది. ఇదేమో పక్కింటి ముసలామెది. కాళ్ళు నొప్పి, కొండ దిగలేదు."

"నీది కానిది నువ్వెలా తెచ్చావు?"

ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. నాకే అర్థమయిందో లేదో ఇప్పుడు చెప్పలేను. "అందరం తవ్వేం, నోనీ. ఈరోజు నా మడి, రేపు వదిన మడి, ఎల్లుండి ముసలామె మడి. నేల గట్టిపడితే ఒక్క మనిషి తవ్వగలదా? ఈ వారం మొయ్యడం నా వంతు."

చెప్పింది చెప్పినట్టు రాశాను: "మూడిళ్ళ అల్లం." అబద్ధం రాయలేదన్న తృప్తి కూడా పడ్డాను. కార్యదర్శిగారు అది చదివి కళ్ళజోడు తీశారు. "పాపం, మంచి మనిషే. కానీ ఆవిడకొక న్యాయం, వ్యాపారికొక న్యాయం అంటే ఎలా? ఎవరిది వాళ్ళే తెచ్చుకోమను. లేకపోతే వద్దని చెప్పు."

చెప్పాల్సింది కూడా నేనే. చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. "ఒక్క బుట్టకి ముగ్గురు నడవాలా? ఊళ్ళో మడికి కాపలా కోతులుంటాయా?" నేను నవ్వకపోయేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. అల్లం మళ్ళీ బుట్టలోకి ఎత్తుకుంది. అంత దూరం మోసి తెచ్చింది, అంత దూరమూ మోసుకుపోయింది.

ఆ రాత్రి డైరీలో "నియమం ప్రకారమే జరిగింది" అని రాసి, కొట్టేసి, కింద మళ్ళీ అదే రాశాను.

ఆ ఆదివారం మా ఇంట్లో అప్పడాలు. తెల్లవారుజామునే అమ్మ మినప్పిండి కలిపింది. ఆ పిండి దంచాక ఆగదు, బిగుసుకుపోతే కర్రకి లొంగదు. అందుకని మా వరస క్వార్టర్ల ఆడవాళ్ళంతా పీటా కర్రా పట్టుకుని మా వరండాలో చేరారు. ఎవరింట్లో పిండి కలిపినా అంతే. మధ్యలో కార్యదర్శిగారు కూడా వచ్చి, "నేనూ నాలుగు వత్తుతాను" అని చెంగు దోపుకుని కూర్చున్నారు. ఆవిడ వత్తినవి ఒక్కటీ గుండ్రంగా రాలేదు. అమ్మ వాటిని మర్యాదగా అడుగున సర్దింది.

ఆవిడ వెళ్ళాక, నీడలో ఆరుతున్న అప్పడాల ముందు నిలబడి ఉన్నట్టుండి అడిగాను: "అమ్మా, వీటిని స్టోరులో నీ పేరునే రాయాలా?"

"మరెవులి పేరున రాస్తావే?"

"నువ్వొక్కదానివే చెయ్యలేదు కదా."

పక్కింటి పిన్ని కర్ర ఆపి నవ్వింది. "అక్కా, నీ కూతురు ఇనస్పెట్టరైపోయింది. అడుగమ్మీ అడుగు! ఉప్పెవులు ఏసేరు, మిరియాలెవులు దంచేరు, అన్నీ అడిగి రాసీ!"

అమ్మ నవ్వలేదు. "ఏటి అమ్మీ ఆ మాట? పిండి నాది. సేతులంటావా, రేపు ఆళ్ళింట్లో పిండి కలిపితే నాను ఎళ్ళనేటి? ఒక్క మనిసి ఇన్నొత్తగలదా?"

 ఇదే మాట గురువారంనాడు అల్లం ఆవిడ నోట విన్నాను. అప్పుడు దాన్ని నేరంలా రాసుకున్నాను. అయినా రెండూ ఒకటేనని తేల్చుకోలేకపోయాను. అమ్మ పిండి అమ్మదే కదా, ఆవిడ బుట్టలో అల్లం మాత్రం ముగ్గురిది. అయితే అల్లం ఏది ఎవరిదో ఆవిడ కొమ్ము పట్టుకుని చెప్పింది. మా అప్పడాల్లో ఏది ఎవరు వత్తిందో, వంకరవి తప్ప, అమ్మ కూడా చెప్పగలిగేది కాదు. ఆలోచించిన కొద్దీ చిక్కుపడింది.

గురువారం అప్పడాల పొట్లాలు స్టోరుకి వచ్చాయి. అమ్మ పేరు పక్కన చాలాసేపు ఏమీ రాయలేదు. చివరికి "ఆరిళ్ళ చేతులు" అని రాసి, రిజిస్టరు కార్యదర్శిగారి ముందు పెట్టాను. 

ఆవిడ చదివి, "ఇదేమిటమ్మాయ్? ఇది సాయం. అది వేరు" అన్నారు.

"ఎలా వేరండీ?" అన్నాను.

ఆవిడతో నేను మాట్లాడిన మొదటి మాట అదేననుకుంటాను. వెటకారంగా అనలేదు, నిజంగా తెలియకే అడిగాను.  ఆవిడ తన అరచేతులు ఒకసారి చూసుకున్నారు. "కమిటీలో పెడతాను. అందాకా రెండూ ఆపు" అన్నారు.

అప్పడాలు ఇంటికి తిరిగొచ్చాయి. "కన్నతల్లిని నలుగురి నోట్లో పెట్టేవు. బాగుందే నీ సదువు" అని అమ్మ నాతో మాటలు మానేసింది. కంచంలో అన్నం పెట్టేది, నా ముఖం చూసేది కాదు. నేను చేసింది న్యాయమో, పెంకితనమో డైరీకి కూడా చెప్పలేకపోయాను.

కమిటీ ఏకంగా రెండుసార్లు కూర్చుంది. చివరికి మూడో నియమం మార్చి నాతోనే కొత్త అట్ట రాయించారు: కలిసి పనిచేసినవాళ్ళు ఒకరి చేత పంపవచ్చు, అందరి పేర్లూ చెప్పాలి. ఈసారి 'చెప్పాలి' అనే రాశాను. అమ్మ అప్పడాల పక్కన ఆరు పేర్లు రాశాను, కార్యదర్శిగారిది కూడా. అమ్మ మెత్తబడింది. కానీ అల్లం ఆవిడకి ఎవరు చెబుతారు? ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఆవిడ సంతకి కూడా రావడం లేదని గుమస్తాగారు చెప్పారు. నాలుగు గురువారాలు ఖాళీగా గడిచాయి.

అయిదో గురువారం ఎండ ఎక్కాక గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ముందు ఆవిడ, వెనక వదిన, వాళ్ళ వెనక కర్ర ఊతంతో ముసలామె. ముగ్గురి దగ్గరా మూడు చిన్న బుట్టలు. ఆవిడ వాటిని వరసగా దింపించి, నడుం నిటారుగా పెట్టి, "ఎవరిది వాళ్ళే తెచ్చేరు, నోనీ. ఇప్పుడు రాయి" అంది. ముసలామె గుమ్మంలోనే కూలబడి మోకాళ్ళు పట్టుకుంది. నిన్న బయలుదేరి, దారిలో ఎవరింట్లోనో ఆగి వచ్చారట.

కొత్త అట్ట ఆవిడ తల పైన గోడకే వేలాడుతోంది. ఆవిడకి చదువు రాదు. ఇన్ని బాధలు పడి వచ్చాక, అక్కర్లేదని చెప్పడం అవమానమా, చెప్పకపోవడం మోసమా? మంచినీళ్ళు ఇచ్చాను. మూడు పేర్లు రాశాను. అప్పుడు చెప్పాను.

ఆవిడ విని, వాళ్ళిద్దరికీ వాళ్ళ భాషలో చెప్పింది.  ముసలామె ఏదో అంది, ముగ్గురూ ఒక్కసారి పక్కున నవ్వారు. అది నా మీదో, నియమం మీదో, తమ మీదో నాకు తెలియలేదు. నేనూ నవ్వాలో వద్దో తెలియక రిజిస్టరు మూశాను.

ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి దోపుకుంటూ ఆవిడ నా వైపు తిరిగింది. "వచ్చే వారం ఎంతమంది రావాలి? మళ్ళీ మార్చరు కదా?"

కార్యదర్శిగారు లేరు. అడగడానికి ఎవరూ లేరు.

"నువ్వొక్కదానివే రా" అన్నాను. మారుతుందో లేదో మాత్రం చెప్పలేదు.