మా ఆయన వెతికిన దీవి

తిరుపతిలో కాపురం అనగానే మా పుట్టింటి వాళ్ళందరూ నన్ను అదృష్టవంతురాలివన్నారు. పొద్దున లేచి వాకిట్లోకి వస్తే కొండ కనపడుతుందట, ఇంకేం కావాలట. చిత్తూరులో మామిడికాయల మండీ పక్క సందులో పుట్టి పెరిగిన నాకూ అది నిజమే అనిపించింది. కొత్తలో రోజూ కొండకు దణ్ణం పెట్టుకున్నాకే కాఫీ తాగేదాన్ని. పోనుపోను వాకిట్లోకి వచ్చేసరికి కొండకు అడ్డంగా ఎవరో ఒకరు సంచులు పట్టుకుని నిలబడి ఉండేవారు.

దర్శనానికి వచ్చిన చుట్టాలు. మా అత్త వైపు వాళ్ళు, మా మామ వైపు వాళ్ళు, మా ఆయన ఆఫీసు వాళ్ళ బావమరుదులు. ఒకసారైతే పక్కింటికి తాళం వేసి ఉందని వాళ్ళ చుట్టాలు కూడా మా ఇంట్లోనే దిగారు. ఊళ్ళో లాడ్జీలు లేక కాదు. "మనోళ్ళుండంగా లాడ్జీ ఏంది, నామర్దా గాదా" అనేది అందరి మాట. వాళ్ళు కొండకు పోయేముందు ఉప్మా, దిగి వచ్చాక వేడి నీళ్ళు, అన్నం, బస్సులోకి పులిహోర. లడ్డూ మాత్రం తలా ఒక ముక్క నా చేతిలో పెట్టి, "నీకేంలేమ్మా, స్వామి పాదాల కాడే ఉండావు" అని పోయేవాళ్ళు.

మా ఆయన బాధ వేరు. ఆయన యూనివర్సిటీలో గుమాస్తా. తిండి మీద ప్రాణం, అందులోనూ చేపల మీద. మొక్కుతో వచ్చినవాళ్ళు నీచు ముట్టరు, వాళ్ళున్న ఇంట్లో పొయ్యి మీదకు నీచు రాకూడదు. చుట్టాలు లేని రోజు మా ఇంట్లో ఉండదు కాబట్టి చేప కూడా ఉండదు. ఆదివారం సాయంత్రం నడకకని బయల్దేరి, చేపల అంగళ్ళ దాకా పోయి ఊరికే చూసి వచ్చేవారు. ఊరికే చూడటం కాదు, పట్టుకుని చూసేవారు. చేతుల వాసన నాకు తెలీదా!

ఆ ఏడు బ్రహ్మోత్సవాలు ముగిసి ఆఖరి చుట్టాలు బస్సెక్కిన రోజు, నేను వంటింటి గడప మీద కూలబడి లేవలేదు.

"ఏమ్మే, ఒళ్ళు బాగలేదా?" అన్నారు.

"నన్ను యాడికన్నా తీసకపోండి," అన్నాను. "గుడి లేని ఊరికి. చుట్టాలు లేని ఊరికి. ఎవరన్నా వండి పెడితే నేను తిని పండుకోవాల."

ఆయన కాసేపు ఆలోచించి, "దీవికి పోదాం" అన్నారు.

నా మాటల్లో ఆయనకు దీవి ఎక్కడ వినపడిందో గాని నాకూ బాగానే ఉందనిపించింది. చుట్టూ నీళ్ళుంటే చుట్టాలు రాలేరని నేను అనుకున్నాను. చుట్టూ నీళ్ళుంటే చుట్టూ చేపలే కదా అని ఆయన అనుకున్నారు.

మొదట అండమాన్ అన్నారు. లైబ్రరీ నుంచి అట్లాసు తెచ్చి, ఆఫీసు నుంచి రాగానే బంగాళాఖాతం మీద వేలు పెట్టుకుని కూర్చునేవారు. పిల్లలిద్దరూ చెరో పక్క. మా అత్త చాటలో బియ్యం ఏరుతూ రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగింది.

"యాడికిరా?"

"అండమాన్ కు మా."

అత్త చాట కింద పెట్టింది. "ఏం తప్పు జేసినార్రా మీరు, అండమాన్ కు పంపించేదానికి?"

"ఇప్పుడు ఆడ జైలు లేదు మా. కొబ్బరి తోపులుండాయి. రొయ్యలు ఇంతింత లావు," అని మోచేయి చూపించారు.

"దేవుడుండాడా ఆడ?"

"లేడత్తా," అన్నాను నేను గబుక్కున.

"దేవుడు లేని ఊరికి చార్జీలు పెట్టుకోని పోతారంట!" అని అత్త మళ్ళీ చాట అందుకుంది.

అండమాన్ ను చెడగొట్టింది మాత్రం అత్త కాదు. మద్రాసు నుంచి ఓడలో మూడు నాలుగు రోజులు పోవాలని తెలిసింది. మా ఆయనకు పీలేరు బస్సులోనే కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి నేను మెల్లగా గుర్తు చేశాను. ఆయన అట్లాసు మూసేశారు.

తర్వాత రామేశ్వరం అన్నారు. "అదీ దీవేనే! రైలు సముద్రం మీదనే పోతాది." ఈ మాట ఆయన గొంతు తగ్గించి అని ఉంటే బాగుండేది. అప్పుడు మా హాల్లో మదనపల్లె నుంచి వచ్చిన అత్త చెల్లెలి కుటుంబం ఉంది. "రామేశ్వరమైతే మేమూ వస్తాం" అన్నారు వాళ్ళు. మాట ఎట్లా పాకిందో, వారం తిరిగేసరికి ఒక బస్సుకు సరిపడా జనం తయారయ్యారు. అందరికీ పులిహోర ఎవరు కలపాలో అందరికీ తెలుసు. నేను రానని చెప్పేశాను.

ఆఖరికి దీవి ఆఫీసులో ఆయన పక్క సీట్లోనే దొరికింది. ఆ సీటాయన అక్కను తడ దగ్గర, పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఒక దీవిలో ఇచ్చారట. బావకు పడవలున్నాయి, రొయ్యల వ్యాపారం. "మా అక్క ఉండాది, పోయి రాండి సార్, మీకేం తక్కువ కాదు" అన్నాడట. మాఘమాసం దాటి, అందరి పిల్లలకూ పరీక్షలు దగ్గరపడి, చుట్టాలు కాస్త పలచబడే రోజులు చూసుకున్నాం. పిల్లల్నీ ఇంటినీ అత్తకు అప్పజెప్పాం. "వచ్చినోళ్ళను నేను జూసుకుంటాలే, పొండి" అంది అత్త. ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

తడ దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ. పడవ కదిలిన దగ్గర్నుంచి మా ఆయన అంచును రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. గెడ వేస్తున్న మనిషి కాసేపు చూసి, "సార్, దిగినా నడుము లోతే" అన్నాడు. అప్పుడు కళ్ళు తెరిచారు. దూరంగా నీళ్ళలో తెల్లగా, గులాబీరంగుగా కొంగల మంద. ఇంకా దూరంగా కొబ్బరిచెట్లు. నాకు చుట్టాలు గాని, సంచులు గాని ఎక్కడా కనపడలేదు.

ఒడ్డున దిగగానే ఎదురుగా అమ్మవారి గుడి. ఆయన భయంభయంగా నా వైపు చూశారు.

"చిన్నదేలే మే," అన్నారు.

ఆ ఇంటి అక్క అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మేము కాళ్ళు కడుక్కునేసరికే విస్తళ్ళు వేసింది. బొంతచేపల పులుసు, పచ్చిరొయ్యల వేపుడు, పీతల కూర. కట్టెల పొయ్యి మీద మట్టి దాకలో కాగిన పులుసు వాసన ఇంకా నా ముక్కులో ఉంది. మా ఆయన ఆ మధ్యాహ్నం మాట్లాడలేదు. ఏళ్ళ తరబడి ఇంటికొచ్చిన మొక్కులన్నిటికీ ఆయన ఒక్క పూటలో బదులు తీర్చుకున్నారు. సాయంత్రం మళ్ళీ పీతలన్నారు. "మెల్లగా తినండి, దీవి యాడికీ పారిపోదు" అన్నాను. నా మాట వినలేదు.

తెల్లారేసరికి కడుపు పట్టుకుని ముడుచుకుపోయారు. అక్క వాము నీళ్ళు తాగించి, గంజి తప్ప ఏమీ ముట్టకూడదని తీర్మానించింది. ఇక ఉన్నన్నాళ్ళూ ఆయన నులకమంచం మీద గంజి తాగుతూ, నా విస్తట్లో పడుతున్నవాటిని చూస్తూ గడిపారు.

"అదేం చేప?" అని అడిగేవారు నీరసంగా.

"పేరు తెలీదు. బాగుండాది," అనేదాన్ని.

నేను కూడా ముందు సుఖంగా లేను. వేరే ఆడమనిషి పొయ్యి ముందు చెమట కారుస్తుంటే కూర్చుని తినడం నాకు చేతకాలేదు. లేచిపోయి రొయ్యలు వొలవబోతే అక్క చాట లాక్కుంది. "వేణాం, వద్దు! నువ్వు ఊరికే ఉండుమా. చుట్టానివి గదా!" అంది. చుట్టానివి! ఆ మాట నన్ను ఎవరూ అని ఎరగరు. మధ్యాహ్నం కొబ్బరిచెట్ల కింద చాప వేసి పడుకోబెట్టింది. నిద్ర పట్టింది. కాసేపటికి ఉలిక్కిపడి లేచి, "ఎసట్లో బియ్యం పడేసినామా?" అని అరిచానట. పక్కనే వల బాగుచేసుకుంటున్న అక్క నవ్వి, "అన్నం ఉడికి, అందరూ తిన్నారుమా. పండుకో" అంది. మళ్ళీ పడుకున్నాను. పెళ్ళయ్యాక నేను పగలు అంతసేపు నిద్రపోవడం అదే మొదలు.

లేచాక అక్క నా పక్కన చేరి, "దినమూ కొండకు పోతావా?" అని అడిగింది ఆశగా.

"యాడిదక్కా! పోయి రెండేళ్ళయింది. పోయేవాళ్ళకు వండేదే సరిపోతాది."

ఆమె వల దారం ముడి వేసి, "మేమూ అంతేలే. పెద్ద రొయ్యలన్నీ మద్రాసుకే పోతాయి. ఎవురన్నా చుట్టాలొస్తేనే మా పొయ్యి మీదకొచ్చేది" అంది. మా వల్ల ఆమె కూడా బాగా తిన్నదని తెలిసి నాకు మనసు తేలికపడింది.

బయల్దేరేటప్పుడు తాటాకు బుట్ట నిండా ఎండు రొయ్యలు పెట్టి ఇచ్చింది. పడవ దిగి, సూళ్ళూరుపేటకు వచ్చి తిరుపతి బస్సెక్కాం. బస్సు నిండా పసుపు బట్టల మొక్కుబడి జనం, గోవిందలు. బస్సు కదిలి గాలి తగలగానే వాసన లేచింది. ఒక్కొక్కరే కొంగులు, తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. "ఎవురిదబ్బా ఇది?" అన్నాడు కండక్టరు. బుట్టను కాళ్ళ మధ్య పెట్టుకున్న మా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ, "జ్ఞానం లేదు జనాలకు, కొండకు పోయే బస్సులో!" అన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంటికొస్తే చుట్టాలు ఉన్నారు. ఉండక! అత్త గేటు దగ్గరే ముక్కు ఎగబీల్చింది.

"ఏందిరా అది?"

"ఎండు రొయ్యలు మా."

"అరవగాకు. మిద్దె మీద పెట్టు."

చుట్టాలు వెళ్ళేదాకా మిద్దె మెట్ల మీద వీధిలో పిల్లులన్నీ కాపలా కాశాయి. వాళ్ళ రిక్షా మలుపు తిరిగిందో లేదో అత్త బుట్ట దింపించింది. నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. తానే వంకాయలు తరిగి, ఎండు రొయ్యలు వేసి కూర వండి, సంగటి కెలికింది. అందరం గుండ్రంగా కూర్చున్నాం. మా ఆయన కడుపు అప్పటికి నయమైంది, నయం కాకపోయినా చెప్పేవారు కాదు. అత్త మొదటి ముద్ద మింగి, కళ్ళు మూసుకుని, "దేవుడు లేని ఊరికి పోతామంటిరే" అంది.

"చిన్న గుడి ఉండాది మా," అన్నారు మా ఆయన.

"ఉండకుంటే ఈ రుచి యాడొస్తాది?"

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. సంచులు దించుతున్న చప్పుడు, "ఇదే ఇల్లు, ఇదే ఇల్లు" అని ఎవరిదో గొంతు. అలవాటు కొద్దీ నేను సగం లేచాను. అత్త ఎడమ చేత్తో నా భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే పోయి తలుపు గడియ వేసి వచ్చింది.

"తినండి," అంది, ఇంకో సంగటి ముద్ద నా తట్టలో పెడుతూ. "వాళ్ళకు కొండ ఈ పూటే పారిపోదులే."