పక్డే తుగిమిన్‌కు కోడి లేదు

పక్డే తుగిమిన్ మనిషి మొహం చూడడు, పళ్ళెం చూస్తాడు. అందులో ఒక్క మెతుకు మిగిలినా నొసలు ముడిచి, నేరం పట్టుకున్నవాడిలా అడుగుతాడు: "ఇంట్లో కోళ్లున్నాయా?"

వోనోసారి ప్రాంతపు గుట్టల మీద మా ఊళ్ళో ఈ ప్రశ్నకు అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు. అన్నం వదిలేస్తే ఇంట్లో కోళ్లు చస్తాయి. తల్లులు పిల్లల్ని బెదిరించే మాట ఇది. పిల్లలు పెద్దయ్యాక మరిచిపోతారు. ఊరందరికీ పెదనాన్న వరసైన పక్డే మాత్రం డెబ్బై ఏళ్ళొచ్చినా మరిచిపోలేదు. ఆయన చిన్నతనంలో మూడు పూటలా కర్రపెండలం ముద్దే, వరన్నం పండక్కే. తమాషా ఏమిటంటే, ఆయనకు ఒక్క కోడి కూడా లేదు.

ఒకసారి పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చి భోంచేసి, మర్యాద కోసం కాస్త వదిలాడు.

"అయ్యగారింట్లో కోళ్లున్నాయా?"

"లేవే. మాది అపార్టుమెంటు."

"అయితే పక్కింటివాళ్ళవి చస్తాయి. పాపం, వాళ్ళేం చేశారు?"

ఆఫీసరు మళ్ళీ కూర్చుని తిన్నాడు.

విందుల్లో కొందరు ఆయనకు వీపు పెట్టి తినేవారు. "వీపు తిప్పాడంటే పళ్ళెంలో ఏదో ఉంది" అనేవాడు పక్డే. మాకూ ఆయన మీద అనుమానమే. గిన్నెలు కడిగేచోట ఎందుకు తచ్చాడతాడు? గుండిగలో మిగిలిన అన్నం ఆకులో చుట్టి ఎక్కడికి పట్టుకెళ్తాడు? మంత్రం వేస్తున్నాడని ఒకరు, అమ్ముకుంటున్నాడని ఒకరు. ఆయన దాన్ని ఎండబెట్టి, వేయించి మా అరుగుల మీద పెట్టేవాడు. అనుమానిస్తూనే అందరం కరకరా నమిలేవాళ్ళం.

కిందటి వానల్లో ఆయన పక్కింటావిడ బు పరింటెన్ కోళ్లు చచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గూడు గూడంతా. అంతకు ముందే ఊళ్ళో పెళ్లి జరిగింది. మా పెళ్లిళ్ళలో నింపిన పళ్ళెమే చేతికిస్తారు, తగ్గించమనడం మర్యాద కాదు. ఆ రోజు అరిటాకు కింద దాచిన పళ్ళెం ఒకటి దొరికింది. సగం అన్నం అలాగే ఉంది.

బు పరింటెన్ వాకిట్లో జనం చేరారు. ఆమె మాత్రం కొత్త కోడలు వెనింగ్ వంకే చూస్తోంది.

"నా కోళ్లు చచ్చాయంటే నా ఇంటివాళ్ళే వదిలారన్నమాట. పెళ్లికి వెళ్ళింది ఇద్దరం. నా పళ్ళెం నేను ఊడ్చి తిన్నాను."

"అత్తయ్యా, నేను..."

"నువ్వాగు. పక్డేని పిలవండి. ఆయన కంట పడని పళ్ళెం లేదు."

పక్డే వచ్చాడు. కోళ్లను చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, ఒక మనిషి మొహం చూశాడు. వెనింగ్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆ పళ్ళెం నాది" అన్నాడు.

"నీదా?" అంది బు పరింటెన్.

"నాదే. నాకు కోళ్లు లేవు కదా, అందుకని పక్కింటివి పోయాయి."

"నువ్వు అన్నం వదిలావా? ఎందుకు?"

"పన్ను నొప్పి."

"నీ నోట్లో పన్నెక్కడిది, పక్డే?"

"అదే నాకూ అనుమానంగా ఉంది. లేని పన్ను ఎలా నొప్పెట్టిందా అని."

బు పరింటెన్ తిట్టని తిట్టు లేదు. పశువుల డాక్టరు వచ్చి ఇది కోళ్ల తెగులని చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తర్వాత ప్రతి విందులోనూ ఊరు పగ తీర్చుకుంది.

"ఏదీ, పళ్ళెం చూపించు!"

"నాలుక కింద దాచాడేమో, నోరు తెరవమనండి!"

ఆయన బుద్ధిగా నోరు తెరిచేవాడు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ పెళ్లిలో ఆయన పక్కన కూర్చున్నది నేనే. ఆయన పళ్ళెం కడిగినట్టుంది. పైగా ఆ తర్వాత ఆయన నన్ను వదిలేసి వెనింగ్ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె పళ్ళెం ఖాళీ అయ్యేది, ఈయన లుంగీ ముడి వదులు చేసుకునేవాడు.

వెనింగ్ ఏడో నెల వేడుక నాటికి సంగతి అందరికీ తెలిసింది. మొదట్లో అన్నం వాసనకే కడుపులో తిప్పేదట. కడుపు నిలబడేదాకా ఎవరికీ చెప్పొద్దని పుట్టింటివాళ్ళు అన్నారట.

"నీకు ముందే తెలుసు కదూ?" అని పక్డేని అడిగాను.

"నీ పళ్ళెం చూసుకో. అంచున మెతుకుంది."

అప్పుడే బు పరింటెన్ వచ్చి ఒక వెదురుబుట్ట ఆయన ముందు పెట్టింది. లోపల కోడిపెట్ట.

"ఇక నీకూ కోడి ఉంది. ఇప్పుడు ఆడు అబద్ధం, చూస్తాను" అని, ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన పెరట్లో కేకలు వినిపించి కంచె మీంచి చూశాను. కోడి చిప్పలో నాలుగు మెతుకులు వదిలేసి తిరుగుతోంది. పక్డే దాని ఎదుట గొంతుక్కూర్చుని, అనుమానంగా తల వంచి అడుగుతున్నాడు:

"వదిలేస్తే ఎవరు చస్తారో తెలుసా నీకు?"