దరువు కొట్టని ఆల్బం

పరుపుల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల దగ్గర పనిచేసే ఆ నలభయ్యేడేళ్ల మనిషిని అందరూ దరువు అనే పిలుస్తారు. పెళ్లాం కూడా కోపం వచ్చినప్పుడే అసలు పేరు వాడుతుంది.

వయసులో ఉండగా అతను డ్రమ్స్ వాయించేవాడు. వాళ్లది ముగ్గురి బ్యాండు. పాటగాడు పాస్టరుగారి కొడుకు, బేస్ గిటారు కూడా అతనే. రెండో గిటారు దరువు బావమరిది. పాడేది దేవుణ్ణి గురించి, వాయించేది రాక్. చర్చి పెద్దలకు అది గోల, బయటి కుర్రాళ్లకు అది ప్రసంగం. అయినా కిందామీదా పడి రెండు ఆల్బంలు తెచ్చారు. మూడోదాని ముందు కంపెనీవాళ్లు చిన్న మార్పు అడిగారు. ‘ప్రభువా’ అన్నచోటల్లా ‘ప్రియా’ అనాలి. అప్పుడు ప్రేమపాటల్లా జనంలోకి పోతాయట. పాటగాడు సరేనన్నాడు.

“ఎవరికి పాడుతున్నామో దాచిపెట్టి నేను వాయించను” అని దరువు కర్రలు సంచీలో పడేసుకుని బయటికొచ్చేశాడు.

బ్యాండు అక్కడితో చెల్లాచెదురైంది. పాటగాడు పెళ్లిళ్లలో పాడుకున్నాడు. బావమరిది కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టాడు. దరువు పరుపుల్లో పడ్డాడు, పడుకోవడానికి మాత్రం కాదు. ఒక్కో మిషనులో నలభై సూదులు ఒకేసారి దిగుతాయి. పక్కవాడితో మాట్లాడాలంటే భుజం తట్టాలి. ఆ హోరులో పదహారేళ్లు గడిచాయి. ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిచెవి కూడా మందగించింది. పిలిస్తే పలకడం లేదని పెళ్లాం మొదట్లో పొగరనుకుంది. విషయం అర్థమయ్యాక ఏమీ అనకుండా, అతని కుడిపక్కకు మారి కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంకెవరికీ అతను చెప్పలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం పాటగాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది.

“ఒరేయ్, ఇప్పుడు మన నెత్తిమీద ఏ కంపెనీ లేదు. మనమే చేసుకుందాం, మనమే వదులుదాం. ప్రభువు పేరు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పాడుకుందాం. వస్తావా?”

దరువు వెంటనే తలూపాడు. సోమవారం నుంచి ఫ్యాక్టరీలో పనికిరాని స్పాంజి ముక్కలు అడిగి తెచ్చుకుని, చర్చి వెనక సామాన్ల గది గోడలకు అంటించాడు. బయటి శబ్దం లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా. ఆ రోజుల్లో ఈలవేసుకుంటూ ఇంటికొస్తుంటే పెళ్లాం మురిసిపోయింది.

ఆ బ్యాండుకు మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. పాట రికార్డు చేశాక ఎవరు తప్పితే వాళ్లే చెయ్యెత్తి ‘నాది’ అనాలి. ఒకడి తప్పు ఇంకొకడు చూపించకూడదు. అది పాస్టరుగారు నేర్పిన అలవాటు. ఎన్ని గొడవలు పడ్డా ఆ నియమం మాత్రం ఎవరూ మీరలేదు.

ఇప్పుడు దరువు చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోనులో లెక్క చెప్పే టిక్కుటిక్కు అతనికి సరిగా అందడం లేదు. దెబ్బ కాస్త వెనకబడుతోంది. పాట అయ్యాక పాటగాడు బావమరిది వంక చూస్తాడు, బావమరిది గిటారు తీగల వంక చూస్తాడు. ఎవరూ ‘నాది’ అనలేదు కాబట్టి అంతా బాగా వచ్చిందని దరువు పొంగిపోతాడు.

“తర్వాతది కొడదాం పదండి!”

శనివారం శనివారం కూర్చుని ఐదు నెలల్లో పది పాటలు పూర్తిచేశారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బావమరిది షాపులో ముగ్గురూ, దరువు పెళ్లాం కూర్చుని విన్నారు. దరువు కుడిచెవి స్పీకరుకు ఆనించినంత పని చేశాడు. నాలుగో పాటలో అతని మొహం మారింది.

“ఒరేయ్, అది మళ్లీ పెట్టు.”

పెట్టాడు.

“ఇక్కడ నా కర్ర విరిగింది, గుర్తుందా? ఇంకోటి తీసుకునేలోపు రెండు దెబ్బలు పోయాయి. ‘నాది’ అన్నాను. బాగానే ఉంది, ఉండనీ అన్నారు మీరు. మరి ఆ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

“కంప్యూటర్లో కాస్త సర్దాను బావా.”

“ఎంత సర్దావు? మొత్తంలో నేను కొట్టినవి ఎన్ని మిగిలాయి?”

బావమరిది అక్క మొహం చూశాడు. “మొదటి పాటలో ఆ ఇత్తడి సింబల్ దెబ్బ నీదే.”

“పది పాటల్లో ఒక సింబలా! నోరు తెరిచి చెప్పొచ్చు కదరా!”

“ఎలా చెప్పమంటావు బావా? మన పద్ధతి నీకు తెలీదా? దెబ్బ వెనకబడ్డ ప్రతిసారీ నువ్వే అంటావని ఎదురుచూశాం. నువ్వేమో నవ్వుకుంటూ తర్వాతది అనేవాడివి.”

“వినపడితే కదరా అనేది!”

అనేశాక గాని తానేమన్నాడో అతనికే తెలియలేదు. పాటగాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“నాలుగేళ్లు” అంది పెళ్లాం.

దరువు లేచి, “కవరు మీద నా పేరు తీసెయ్” అన్నాడు.

పాటగాడికి కోపం నషాళానికంటింది. “అప్పుడు ఒక్క మాట దగ్గర పట్టుపట్టి ముంచావు. ఇప్పుడు రెండు దెబ్బల దగ్గర ముంచుతావా? ఇంకో పదహారేళ్లు ఆగే ఓపిక నాకు లేదురా.”

“ఆల్బం ఆపమనడం లేదు. వదులు. పేరు తీసెయ్యమంటున్నా, అంతే.”

“డ్రమ్స్ ఎవరని రాయను మరి?”

“కంప్యూటరని రాయి. అబద్ధమా?”

పెళ్లాం చెయ్యి పట్టుకుంది. “ఎవరికి తెలుస్తుంది చెప్పు? ఇన్ని శనివారాలు కష్టపడ్డావు.”

“కష్టపడ్డవాళ్ల పేర్లు రాసే చోటు కాదే అది. వాయించినవాళ్లవి రాసేది.”

పాటగాడు కళ్లు తుడుచుకుని లేచాడు. ఇక వాదించలేదు.

ఆల్బం రెండు పేర్లతోనే బయటికొచ్చింది. పది రోజుల తర్వాత, భోజనాల వేళ, మిషన్లు ఆగి ఉండగా పక్క మిషనువాడు ఫోనులో పాట పెట్టి గట్టిగా కేకేశాడు.

“దరువన్నా! ఏం వాయించావన్నా! గడియారంలా పడుతోంది ఒక్కో దెబ్బ!”

“అది నేను కాదు.”

“చూశారా! పేరు కూడా వేసుకోలేదు. అదీ భక్తంటే.”

“నిజంగా నేను కాదురా.”

“ఎంత తగ్గింపు మనిషివన్నా!”

అందరూ చుట్టూ మూగారు. సూపర్‌వైజరు కూడా వచ్చి భుజం తట్టాడు. దరువు అన్నం గిన్నె పక్కన పెట్టి, లేచి నిలబడి, ఒక్కో మాటా విడమరిచి మళ్లీ చెప్పాడు.

వాళ్లు చప్పట్లు కొట్టారు.