కనుబొమ్మ కింద ఇనుప ముక్క

2022. దుబాయ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఎంఆర్ఐ విభాగం. మాది అమలాపురం దగ్గర. ఆ విభాగంలో నేను నర్సుని. పేషెంటుని మిషిన్ గదిలోకి పంపేముందు స్క్రీనింగ్ చేస్తాను. అంటే, ఒంటిమీదా ఒంట్లోనూ లోహం ఏదీ లేదని తేల్చుకోవడం. ఆ మిషిన్ పెద్ద అయస్కాంతం. కంటి దగ్గర చిన్న ఇనుప ముక్క ఉన్నా, అది కదిలితే చూపు పోతుంది.

ఆ రోజు ఒకావిడ వచ్చింది. పేరు మార్చి మోరీన్ అంటాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. సొంతూరు బెల్‌ఫాస్ట్. దుబాయ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. తలనొప్పికి స్కాన్ రాశారు. కూతురు పక్కనే ఉండగా, ఫారంలో లోహం గురించి అడిగినచోట ‘లేదు’ అని టిక్కు పెట్టింది.

మా టెక్నీషియన్ నయీమ్ భాయ్‌ది కరీంనగర్. "యల్లా సిస్టర్, మిషిన్ ఖాళీగున్నది, తోల్కరా" అని తొందరపెట్టాడు.

కంటి మేకప్‌లోనూ లోహపు పొడి ఉండొచ్చని మేం తుడిచేస్తాం. దూదితో తుడుస్తుంటే ఎడమ కనుబొమ్మ కింద నూకగింజంత గట్టిగా ఏదో నా వేలికి తగిలింది.

"ఇదేంటి మేడమ్?"

"చిన్నప్పుడు పడ్డాను."

"దాచకండి. లోపలికెళ్తే కన్ను పోవచ్చు."

ఆవిడ తలుపు వైపు చూసింది. కూతురు బయట కూర్చునుంది. గొంతు తగ్గించింది.

"మా ఊళ్లో ఆ రోజుల్లో దేశం ఎవరిదని చంపుకునేవాళ్లు. రెండు పక్కలా చర్చికెళ్లేవాళ్లే. నాకు పదిహేడేళ్లు. స్నేహితురాలితో టీ కొట్లో ఓ మూల కూర్చున్నాను. ఒకతను వచ్చి సంచీ బల్ల కింద పెట్టి వెళ్లిపోయాడు. అది పేలింది. ఆ పిల్ల అక్కడే పోయింది. సంచీ పెట్టినవాడి ముఖం చూశావా అని పోలీసులడిగితే లేదన్నాను."

మళ్లీ తలుపు వైపు చూసింది.

"చూశాను సిస్టర్. మా అన్నయ్య. పిలుద్దామని చెయ్యెత్తాను కూడా. నేను లోపలున్నట్టు వాడికి తెలీదు."

నేనూ చర్చికెళ్లేదాన్నే. సొంత అన్న పెట్టిన బాంబు ముక్కని యాభై ఏళ్లు ముఖంలో మోసిన మనిషి నా ఎదురుగా, ఆసుపత్రి గౌనులో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

నయీమ్ భాయ్‌తో "ఖలాస్, స్కాన్ వద్దు" అన్నాను. ఎక్స్‌రే తీస్తే మూడు ముక్కలు కనబడ్డాయి. ఒకటి కనుగుడ్డు వెనకే. అయస్కాంతం లేని సీటీ స్కాన్‌కి పంపారు. మెదడు బాగానే ఉంది.

ఎక్స్‌రే చూసి కూతురు తెల్లబోయింది. "ఇవేంటి సిస్టర్?" అని నన్నడిగింది. పేషెంటు చెప్పుకున్నది నేను బయటపెట్టకూడదు. "అమ్మగారినే అడగండి" అన్నాను.

"బాంబు" అంది మోరీన్, అంతే.

"ఇన్నేళ్లూ చెప్పలేదేమ్మా! మరి మావయ్యకి తెలుసా?"

"తెలుసు. ఆసుపత్రిలో నా మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు. పాపం, చాలా ఏడ్చాడు."

నేను ముఖం తిప్పుకున్నాను.

అప్పటినుంచి ఫారంలో ‘లేదు’ అని ఉందని వదిలేయను. ఇంట్లోవాళ్లని బయట కూర్చోబెట్టి, పేషెంటుని ఒంటరిగా మళ్లీ అడుగుతాను. కొన్ని దెబ్బల గురించి కన్నబిడ్డల ముందు ఎవరూ నోరు విప్పరు.