మొండిముక్కు తూటాలు

అల్ ఐన్ దగ్గర ఒక షేక్ గారి తోటకు పర్శరాములు కాపలాదారు. పటాలంలో నాలుగేళ్లు చేసిన కాగితం చూసి ఆ కొలువిచ్చారు. మధ్యలో తొమ్మిదేళ్లు దుబాయ్‌లో కట్టడాలకు ఇనుప కమ్మీలు వంచాడు పాపం, ఆ సంగతి కుడి బొటనవేలి కీలుకే తెలుసు. ఆ చేత్తో ఇక నాగలీ పట్టలేడు, కమ్మీ పట్టలేడు. మిగిలింది ఈ గేటొక్కటే.

ఎనభై నాలుగులో తోట మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, కొత్త నియమం పెట్టాడు. కాపలావాళ్లంతా ఆయన ముందు రివాల్వర్ కాల్చాలి. ఆరింట నాలుగు గురికి తగలకపోతే వీసా ఖలాస్. రివాల్వర్ వెనక్కి తన్నితే పర్శరాములు బొటనవేలు తట్టుకోలేదు. నొప్పని నోరు జారితే పరీక్ష దాకా కూడా రానివ్వరు మరి!

పరీక్షకు ముందురోజు తూటాల గదికి వెళ్లి రెండు రకాల తూటాలను అరచేతిలో తూచి చూశాడు. కమ్మీని ఎత్తి చూసి సైజు చెప్పిన మనిషికి ఇదో లెక్కా?

"గివి తేలిగ్గున్నయి. గివే ఇయ్యి ఖాదర్ భాయ్."

ఆరు కాల్చాడు, రెండే తగిలాయి. నొప్పి మోచేతి దాకా పాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. గది చూసుకునే నిజామాబాద్ ఖాదర్ హుస్సేన్‌కు విషయం అర్థమైపోయింది.

"అరె పర్శన్నా, బరువు జూస్తే ఎట్ల? తూటా తేలికే గని ఎనుక మందు దట్టించిన్రు, అందుకే తంతది. గీ మొండిముక్కువి జూడు. సీసం బరువు, మందు జరంత. కాగితం మీద గురికి చేసినయి. ముదీర్‌కు ఏవైనా ఒక్కటే."

"ఒక్కటి కాల్చి జూస్త."

"ఆరే ఉన్నయి. రేపటికే దాచుకో."

చూడకుండా నమ్మడమెలా? అయినా పర్శరాములు ఆ ఆరూ జేబులో వేసుకున్నాడు.

పొద్దున్నే ముదీర్ కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పర్శరాములు మీట నొక్కాడు. రివాల్వర్ చిన్నగా ఉలిక్కిపడి ఊరుకుంది. అంతేనా! రెండోది, మూడోది... ఆరింట ఐదు తగిలాయి. బతికిపోయాననుకున్నాడు.

ముదీర్ మురిసిపోయి లేచి వచ్చి చెయ్యి కలిపాడు. అక్కడి మర్యాద ప్రకారం పట్టిన చెయ్యి వదలకుండా ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, ఒంట్లో ఎలా ఉందని ఒక్కొక్కటే అడగసాగాడు. పర్శరాములు పళ్లు బిగబట్టి అన్నిటికీ బాగుందనే చెప్పాడు. కళ్లు మాత్రం ఆగలేదు.

అవి ఆనందబాష్పాలనుకుని ముదీర్ ఇంకాస్త గట్టిగా నొక్కాడు.