మా ఫ్లాట్‌లో గిట్టల చప్పుడు

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రిపోర్టు అనుమానంగా వస్తే శాంపిల్ మళ్లీ పెట్టి చూస్తాను తప్ప దేవుడి మీదకో దయ్యం మీదకో నెట్టను. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు నవ్వొచ్చేది. ఇది చదివి మీకూ నవ్వొస్తే తప్పు పట్టను.

అప్పుడు మేం షార్జాలో, అల్ నహ్దాలో ఉండేవాళ్లం. కరోనా రోజుల్లో మావారు ప్రసాద్ ఆ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేశారు. అంతా తెరిచాక కూడా ఆయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. అలాంటప్పుడు వాళ్ల ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, నమీబియాకి వేటకు వెళ్దాం రమ్మన్నాడు. అక్కడ అనుమతి ఉన్న వేటే. తుపాకులు వాళ్లే ఇస్తారు, వెంట గైడు ఉంటాడు. కాకినాడలో మా పెరట్లో కోడిని కోస్తుంటే వీధిలోకి వెళ్లి నిలబడే మనిషి, అడిగిందే తడవుగా సరేనన్నారు.

ఇక సర్దడం మొదలైంది. ఆకు రంగు చొక్కాలు, మెత్తటి గుడ్డ బ్యాగు, ఎత్తు బూట్లు. కొత్త బూట్లతో వస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి, ముందే తొడిగి నడవమని గైడు మెసేజ్ పెట్టాడట. ఈయన హాల్లోంచి బెడ్‌రూమ్‌కీ, బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకీ బూట్లతో తిరిగేవారు. సర్దిన బ్యాగు విప్పేవారు, మళ్లీ సర్దేవారు.

గైడు పంపిన కుడు బొమ్మ ప్రింటు తీసి బెడ్‌రూమ్‌లో బీరువా తలుపుకి అంటించారు. కుడు అంటే మన మనుబోతంత జంతువు, మెలితిరిగిన పొడుగు కొమ్ములు. ఎక్కడ కొట్టాలో తెలియడానికి భుజం వెనక ఎర్రచుక్క పెట్టి ఉంది. మాప్ కర్ర ఎత్తి ఆ చుక్కకి గురిపెట్టేవారు. ఆ గదిలోకి వెళ్లాలంటేనే నాకు చిరాగ్గా ఉండేది.

మా కింది ఫ్లాట్‌లో నస్రీన్ అక్క ఉండేది. నిజామాబాద్ ఆవిడ. ఒకరోజు లిఫ్టు దగ్గర నన్ను ఆపింది.

"ఏం సునీతా, ఇంట్ల మేకను కట్టిన్రా ఏంది? నెత్తి మీద టకటకా ఒక్కటే నడుసుడు."

నవ్వేసి బూట్ల సంగతి చెప్పాను, సారీ చెప్పాను. ఆ రోజు నుంచి మావారు బూట్ల నడక పార్కుకి మార్చారు.

చప్పుడు ఆగలేదు. మేమిద్దరం డ్యూటీలో ఉన్నప్పుడు కూడా వినిపిస్తోందని అక్క ఫోన్ చేసింది. వాచ్‌మన్‌ని పిలిచి పైపులు, ఏసీ చూపించాం. ఏమీ లేదు. మాకైతే ఒక్కసారి కూడా వినపడలేదు.

ఒక మధ్యాహ్నం నా డ్యూటీ త్వరగా అయిపోయింది. మా ఫ్లాట్‌కి వెళ్లకుండా నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. పైన తాళం వేసి ఉంది. మావారు ఆఫీసులో ఉన్నారు. టీ తాగుతుండగా మొదలైంది. బూట్ల చప్పుడు కాదది. టైల్స్ మీద గిట్టలు పడుతున్న చప్పుడు, నాలుగు కాళ్ల నడక. వంటింటి వైపు నుంచి నెమ్మదిగా బెడ్‌రూమ్ వైపు వచ్చి ఆగింది. సరిగ్గా మావారి వేట బ్యాగు పెట్టి ఉన్న చోట.

"యా అల్లా... ఇన్నవా?" అంది అక్క.

మెట్లెక్కి పరుగెత్తాను. తాళం తీస్తే ఇల్లు ఖాళీ. బ్యాగు జిప్పు వేసింది వేసినట్టే ఉంది. ఆ రోజు నుంచి హాల్లో సోఫా మీదే పడుకున్నాను.

మావారు నమ్మలేదు. "పాత బిల్డింగు కదా సునీ, ఎక్కడి చప్పుడో ఎక్కడో వినిపిస్తుంది" అన్నారు.

"అయితే మీరే వెళ్లి వినండి" అన్నాను.

ప్రయాణం దగ్గరపడిన ఒక శనివారం, పట్టపగలు, ఆయన అక్క ఇంట్లో కూర్చున్నారు. నేను పైన బెడ్‌రూమ్‌లో బ్యాగు పక్కన నిలబడ్డాను, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. అడుగు కదపకూడదని ముందే అనుకున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన గొంతు వినిపించింది.

"సునీ, నడుస్తున్నావా?"

"లేదండీ. నిలబడే ఉన్నాను."

"నిజంగా?"

"ఒట్టు. ఏమైంది?"

ఆయన వెనక నస్రీన్ అక్క ఏదో దువా గొణుక్కుంటోంది.

"కదలకు" అన్నారు. "నీ చుట్టూ తిరుగుతోంది."

గదంతా చూశాను. కర్టెన్ సందులోంచి ఎండ పడుతోంది. మంచం, బీరువా, బ్యాగు. నా ఊపిరి తప్ప నాకేమీ వినపడలేదు. కొంతసేపటికి "ఇక బయటికి వచ్చెయ్" అన్నారు. ఆ గొంతు ఆయనది కానట్టుంది.

పైకి రాగానే బీరువా మీద బొమ్మ పీకేశారు. బ్యాగు విప్పి బట్టలన్నీ మంచం మీద కుమ్మరించారు. నడుం పట్టేసిందని ముదీర్‌కి ఫోన్ చేశారు. "ఖలాస్, నీ ఇష్టం" అని అతను పెట్టేశాడు. ఆ తర్వాత చాన్నాళ్లు ఈయనతో ముభావంగానే ఉన్నాడు. ఈయనకి రావలసిన ప్రమోషన్ ఇంకెవరికో వెళ్లింది. మావారు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

చప్పుడు ఆగిపోయింది. ముదీర్ వాళ్లు నమీబియాలో ఉన్న రోజుల్లో మాత్రం, ఒక మధ్యాహ్నం పైన ఏదో పరుగెత్తినట్టు, గోడకి గుద్దుకున్నట్టు వినిపించిందని అక్క చెప్పింది. మళ్లీ ఎప్పుడూ లేదట. వాళ్లు ఎప్పుడు దేన్ని కొట్టారో మావారు అడగలేదు. నన్నూ అడగనివ్వలేదు.

తర్వాత మేం దుబాయ్‌లో కరామాకి మారిపోయాం. ఆ రోజు నన్ను బయటికి రమ్మనే ముందు ఏం విన్నారని ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసేవారు. మొన్నీమధ్య అడిగితే చెప్పారు.

"తిరిగి తిరిగి నీ పక్కనే ఆగింది సునీ. ముందు మోకాళ్లు నేలకి ఆనినట్టు చప్పుడైంది. తర్వాత బరువుగా ఒళ్లు వాల్చినట్టు. పడుకుంది."

"మరి లేచిందా?"

"లేదు. నువ్వు బయటికి నడిచిన అడుగులే వినపడ్డాయి."

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క విన్నది, మావారు విన్నారు, ఒక మధ్యాహ్నం నేనూ విన్నాను. కానీ అది నా పక్కన ఒళ్లు వాల్చినప్పుడు మాత్రం, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి కూడా, నాకేమీ తెలియలేదు.