ఏడో ముక్క దగ్గర ఆగిన వేలు

నా చిన్నప్పుడు మా బడిలో పిల్లల ఒళ్లు కదిలిందంటే అది గుంజిళ్లు తీయడానికే. మిగతా పొద్దంతా చేతులు కట్టుకుని, గోడకు కొట్టిన మేకుల్లా కూర్చోవాలి. బోధన్ పక్కన మా ఊళ్లో బడి అంటే ఒకటే గది, ఒకడే సారు. నాకేమో కాలు ఆడకపోతే నోరు ఆడేది కాదు. లేచి ఎక్కం అప్పజెప్పమంటే చాలు, నాకు తెలియకుండానే ముందుకూ వెనక్కూ ఊగేదాన్ని. పిల్లలు నన్ను గంగిరెద్దు అనేవాళ్లు. "గంగిరెద్దూ, సారుకు సలాం కొట్టు" అని వెనక నుంచి జడ గుంజేవాళ్లు. సారు నవ్వేవాడు. ఆయన నవ్వితే వాళ్లకు ఇంకా హుషారు.

రెండో తరగతిలో అది నాకు రెండో ఏడు. మూడో ఎక్కం తప్పు లేకుండా చెప్పకపోతే పై తరగతికి పంపనని సారు మా బాపుతో అన్నాడు. బాపు ఇంటికొచ్చి ఒక్కటే మాట చెప్పాడు. "సోమారం నాడు ఎక్కం రాకుంటే బడి బంద్. మీ అత్తతోని నాట్లకు పోవుడే."

మా మేనత్త, తన మొగుడు పోయినప్పటి నుంచి, మా ఇంట్లోనే ఉండేది. అక్షరమ్ముక్క రాదు. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న ఒక ఆసామి దగ్గర చెరకు నాట్లకు పోయేది. ఆ ఆదివారం నన్నూ వెంట తీసుకుపోయింది. నీళ్లు పెట్టిన సాలులో అడుగుకొక చెరకు ముక్క వేసి, కాలితో బురదలోకి తొక్కుకుంటూ పోవాలి. ముక్కకు మూడు కణుపులు, కణుపుకొక కన్ను. మొలక వచ్చేది ఆ కంటి నుంచే.

నేను దబదబా తొక్కుతుంటే అత్త వంగి నా పిక్క పట్టుకుంది.

"మెల్లగ తొక్కాలె బిడ్డా. కన్ను నలిగితే మొలవది. ఇగో, ఒక్క ముక్కేసినవ్, ఎన్ని కండ్లు?"

"మూడు."

"ఇంకో అడుగెయ్. ఇప్పుడెన్నయినయ్?"

పది అడుగులు, ముప్పై కళ్లు. మళ్లీ ఒకటి నుంచి. పొద్దు వాలేసరికి ఎక్కం నా కాళ్లలో నుంచి నోట్లోకి వచ్చి కూర్చుంది. కానీ ఇంటికి వచ్చే దారిలో భయం పట్టుకుంది. బడిలో సారు కదలనియ్యడు కదా అన్నాను. అత్త బురద అంటిన నా కాళ్ల వైపు చూసింది. "కాలు కదలనియ్యకుంటే బొటనేలు కదుపు. గా ఏలు ఎవడు సూడొచ్చిండు?" అంది.

సోమవారం సారు నన్ను అందరి ముందూ నిలబెట్టి, నా పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. "ఊగినవో, ఇటు నుంచి ఇటే ఇంటికి" అన్నాడు. చేతులు కట్టుకున్నాను. కుడికాలి బొటనవేలితో చిన్నగా నేలను తొక్కాను. మూడొకట్ల మూడు. మళ్లీ తొక్కాను. మూడు రెండ్ల ఆరు. సాలు నా కళ్ల ముందు పారుతోంది. మూడార్ల పద్దెనిమిది దాకా వచ్చేసరికి గదిలో నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు ముందు వరసలో ఒక పిల్ల కేక పెట్టింది.

"సార్, ఏలు ఆడిస్తున్నది!"

సారు కిందికి చూశాడు. ఆయనకు కోపం కూడా రాలేదు. తాపీగా వచ్చి, చెప్పు కాలు నా వేలి మీద పెట్టి, ఒళ్లు బరువంతా దాని మీద వేసి, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"మూడేళ్ల ఇరవై ఒకటి" అన్నాను. ఎనిమిదో ముక్క చేతిలో ఉంది, తొక్కడానికి కాలు లేదు. నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాను. సారు చాలాసేపు కాలు తీయలేదు. చివరికి "గంగిరెద్దు ఆగిపాయె, డోలు కొట్టుండ్రి" అన్నాడు. పిల్లలు పలకల మీద దరువు వేశారు. ఆ దరువు మధ్య నుంచే కుంటుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాటి నుంచి పొలానికి పోయాను. అత్త నల్లబడ్డ నా గోరు చూసి, ఎక్కం ఎక్కడ ఆగిందని అడిగితే ఏడు దగ్గర అన్నాను. ఆ రోజు నా పక్క సాలులో కాదు, నా సాలులోనే ముందు నడిచింది. ఏడు ముక్కలు వేసి తొక్కి, ఎనిమిదోది నా చేతిలో పెట్టి నిలబడింది. వెనక కూలీలు "నడువరాదే, ఆసామి సూస్తుండు" అని తిడుతున్నా జరగలేదు. ముక్క వేసి, ఎడమ కాలితో తొక్కాను.

"మూడెనిమిదుల ఇరవై నాలుగు."

అత్త ముఖం పక్కకు తిప్పుకుని "ఊఁ, కానియ్" అంది. ముప్పై దాకా చెప్పాను. ఒక్క తప్పు లేదు. అక్కడ దాన్ని రాసుకునే సారు లేడు. మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఇప్పుడు మా మనవరాలు వాకిట్లో గెంతుకుంటూ ఎక్కాలు చదువుతుంది. కుదురుగా కూర్చోమని కోడలు కసిరితే నేను ఊరుకోను. నేను దేన్ని లెక్కపెట్టినా, చివరికి మందు బిళ్లలైనా సరే, బొటనవేలు నేలను తొక్కుతూనే ఉంటుంది. ఏడు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఎడమ కాలు ముందుకు పెట్టి, మెల్లగా తొక్కి, ఎనిమిది అంటాను.